పదో వంతు ఇంజన్



మా ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద మూరెడు పొడవు చెక్క, ఆ చెక్క మీద ఒక ఆయిల్ ఇంజన్, కొంచెం ఎడంగా ఒక చెరకు గానుగ. రెండింటి నడుమా బెల్టు. ఇంజన్ ఎత్తు అరజానెడు ఉంటుందేమో. దాని రెండు ఫ్లైవీళ్లూ చిత్తూరు బస్టాండు దగ్గర టీకొట్లో పెట్టే మసాలా వడలంత. ఐదేళ్లుగా ఇదే నా పని. చూడడానికి వచ్చినవాళ్లు మొదట అడిగే మాట "ఎంతకు కొన్నారు?" అని. కొన్నది కాదు, చేశానంటే రెండో మాట "ఎందుకు?" అని. రెండో ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు కాబట్టి, ఎలా చేశానో చెబుతాను.

నేను ముప్పై ఏళ్లు తపాలా కార్యాలయంలో ముద్రలు కొట్టిన మనిషిని. లేత్ మిషన్ పట్టినవాణ్ణి కాదు, ఐటీఐ చదివినవాణ్ణీ కాదు. మాది పాకాల దగ్గర పల్లె. మా బావి గట్టు మీద నాకు ఊహ తెలిసేనాటికే ఇంజన్ ఉండేది. అంతకు ముందు కపిల తోలేవాళ్లట. తోలు బాన, ఎద్దులు, మోకు, వాలుబాట. నాయన ఆ కష్టం గురించి చెప్పేవాడు కానీ నేను చూసింది మాత్రం ఇంజన్నే. తెల్లవారుజామున నాయన హ్యాండిల్ దూర్చి తిప్పేవాడు. తిప్పేముందు పైన ఉన్న చిన్న మీట లేపమని నాకు చెప్పేవాడు. మీట లేపితే లోపల గాలి బిగువు పోతుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. నాలుగు చుట్లు తిరిగి జోరందుకోగానే "వదల్రా" అని అరిచేవాడు. మీట వదిలితే ఒక్క ఊపున డుబ్‌మని పట్టుకునేది. ఆ క్షణంలో హ్యాండిల్ ఊడి రాకపోతే చెయ్యి విరుగుతుంది. మా ఊళ్లో అలా వంకరపోయిన మణికట్లు రెండు ఉండేవి.

ఈ ఇంజన్ల పుట్టుక ఇంగ్లాండులో. డర్స్‌లీ అనే చిన్న ఊళ్లో లిస్టర్ కంపెనీ 1929, 30 ప్రాంతంలో సీఎస్ అనే రకాన్ని తెచ్చింది. సీఎస్ అంటే కోల్డ్ స్టార్ట్. అప్పటి చాలా ఇంజన్లను రగిలించాలంటే ముందు దీపంతో తలకాయ వేడి చేయాలి. దీనికి ఆ బాధ లేదు, చలిలో కూడా చేత్తో తిప్పితే పలుకుతుంది. ఒకటే సిలిండరు. లోపలి వ్యాసం నాలుగున్నర అంగుళాలు, పిస్టన్ నడక ఐదున్నర అంగుళాలు. నిమిషానికి 650 చుట్లు, అంతకు మించి పరుగు లేదు. ఆ నిదానమే దాని ఆయుష్షు. ఇంగ్లాండులో 1987 వరకు చేశారు. మన దేశంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోతపనివాళ్లు దీన్ని చూసి చూసి సొంతంగా పోసి, తలా ఒక పేరుతో అమ్మారు. మాదీ ఆ రకానిదే. పేరుపలక ఎప్పుడో ఊడిపోయింది, రెండు మేకు రంధ్రాలు మిగిలాయి. నా నమూనాలో కూడా పేరుపలక లేదు, ఆ రెండు రంధ్రాలే ఉన్నాయి.

చిత్తూరు రైతుకు ఆ ఇంజన్ ఎందుకంత దగ్గరయిందో, మళ్లీ ఎందుకు దూరమయిందో ఒక్క లెక్కలో ఉంది. పంపు నీళ్లను పీల్చదు, అది పైపులో గాలిని తోడేస్తే బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ గాలి బరువు పది మీటర్లకు కొంచెం పైగా నీటిని నిలబెట్టగలదు, అదీ అన్నీ సవ్యంగా ఉంటే. మా పాత పంపులకు ఏడు మీటర్లు దాటితే ఊపిరాడదు. ఫుట్‌వాల్వు కారుతుంది, గ్లాండు దగ్గర గాలి చొరబడుతుంది, పేడనీళ్లు పోసి పోసి చేతులు నొప్పి పుడతాయి. అందుకని నీళ్లు దిగినకొద్దీ ఇంజన్ని కూడా బావిలోకి దించడం మొదలుపెట్టారు. బావి గోడలో మెట్టు తవ్వి, దూలాలు అడ్డంపెట్టి, ఆరుగురు మనుషులు మోకులు పట్టుకుని మూడు క్వింటాళ్ల ఇనుమును అంగుళం అంగుళం దించేవాళ్లు. ఆ తర్వాత కరెంటు మోటారు, ఆ తర్వాత బోరు. బోరుతో పంపే నీళ్లలోకి దిగిపోయింది. గట్టు మీద ఇంజన్‌కు పని లేకపోయింది. మాది కూడా ఒకరోజు తూకానికి పోయింది. నేనప్పుడు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నాను. ఉత్తరంలో నాయన ఒక్క వాక్యం రాశాడు, ఇంజన్ ఇచ్చేసినామని.

నేను చేస్తున్నది మాత్రం అది బావిలోకి దిగకముందు రోజులది. అప్పుడు పుష్యమాసంలో దాన్ని బండికెత్తి గానుగ దగ్గరకు తోలేవాళ్లం. నెల్లాళ్లు చెరకు ఆడేది.

చేద్దామనుకున్న మొదటి రాత్రే ఒక సిగ్గుపడాల్సిన విషయం బయటపడింది. కాగితం మీద ఫ్లైవీలు గీస్తున్నాను. ఆకులెన్ని? నేను ఐదన్నాను. మా తమ్ముడికి ఫోన్ చేస్తే ఆరన్నాడు. పదిహేనేళ్లు ఆ చక్రం పక్కనే స్నానం చేసినవాళ్లం. ఇంజన్ని చల్లబరిచిన నీళ్లు సన్నపైపులోంచి గోరువెచ్చగా వచ్చేవి, చలికాలం మా ఊరి పిల్లలందరికీ అదే స్నానాలగది. అంత దగ్గరగా చూసినదాని ఆకులెన్నో ఇద్దరికీ తెలియదు. తిరిగేటప్పుడు చూస్తే ఆకులు కనబడవు కదా అని తమ్ముడు సర్దిచెప్పాడు. ఆగినప్పుడు ఎందుకు చూడలేదో మాత్రం చెప్పలేదు.

అలా ఊళ్లు పట్టుకుని తిరిగాను. పూతలపట్టు, ఐరాల, పెనుమూరు, తవణంపల్లె. చింతచెట్టు కింద, పాడుపడిన కొట్టంలో, దిబ్బ పక్కన ఎక్కడ ఇనుము కనబడినా ఆగేవాణ్ణి. చివరికి ఒక పల్లెలో దొరికింది. చక్రాల నడుమ కోడి పొదుగుతూ ఉంది. నేను టేపు తీసి కొలుస్తుంటే ఇంటి అవ్వ వచ్చి నిలబడింది.

"కొనేదానికా నాయనా?"

"కొలిచేదానికవ్వా."

"కొలిస్తే దుడ్లు ఇస్తావా?"

లేదన్నాను. కాసేపు చూసి, "అయితే కోడి లేసిందాకా ఉండు, దాన్ని బెదరగొట్టద్దు" అని లోపలికి పోయింది. రెండు గంటలు కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో నేను నేర్చుకున్నది తర్వాత రెండేళ్ల పనికి సరిపోయింది. ఆకులు ఆరు. తమ్ముడే గెలిచాడు. ఆకు తిన్నగా ఉండదు, కుంభం దగ్గర లావు, అంచుకు పోనుపోను సన్నం. రంగు ఎక్కడ పోయిందో చూశాను. నూనె కారినచోట లోపల ఆకుపచ్చ ఇంకా నిగనిగలాడుతోంది. చెయ్యి తగిలినచోట, హ్యాండిల్ దూర్చేచోట, మీట కొన మీద, ఇనుము వెండిలా నునుపు తేలింది. మిగతాదంతా తుప్పు. పాతబడిన యంత్రమంటే మొత్తం తుప్పురంగు పూస్తే చాలనుకున్నవాణ్ణి నేను. ఎవరి చెయ్యి ఎన్నేళ్లు ఎక్కడ పడిందో ఆ తుప్పుకు తెలుసు.

ఇక లెక్కలు. పదో వంతు అనుకున్నాను. నాలుగున్నర అంగుళాల సిలిండరు 11.43 మిల్లీమీటర్లు అవుతుంది, పెన్సిల్ కంటే కాస్త లావు. అరంగుళం బోల్టు 1.27 మిల్లీమీటర్లు. ఆ కొలతలో బోల్టు ఏ కొట్లో దొరుకుతుంది? హార్డ్‌వేర్ షాపులవాళ్లు నవ్వారు. చివరికి తిరుపతిలో కళ్లజోళ్లు బాగుచేసే ఒకాయన దగ్గర దొరికింది. కళ్లజోడు కాడకు వేసే మర దాదాపు అంతే ఉంటుంది. తలకాయ మాత్రం గుండ్రం, నాకు కావలసింది ఆరు పలకలు. ఇత్తడి చువ్వను ఆకురాయితో ఆరు పలకలుగా రాసి, ముక్కలు కోసి, టంకం పెట్టి అతికించాను. ఒక్కొక్క దానికి సాయంత్రమంతా పట్టేది. ఆవలిస్తే ఎగిరిపోయేది. మా ఆవిడ పప్పు ఏరేటప్పుడు ఒకటి దొరికింది, రాయనుకుని పారేసింది. ఆ నష్టాన్ని ఇంట్లో ఎవరూ నష్టంగా గుర్తించలేదు.

ఫ్లైవీలు మూడుసార్లు చేశాను. మొదటిది అల్యూమినియంతో. తేలిక, తిరిగితే ఊపు నిలవదు. రెండోది ఇనుప కమ్మీ ముక్కను ఒక లేత్ షాపులో తిప్పించాను. మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయింది, తిరుగుతుంటే చక్రం కుంటుతోంది. అడిగితే "ఇంత చిన్నదానికి ఎవరు చూస్తారు సార్" అన్నాడు. చూసేవాడు ఎదురుగానే ఉన్నాడు పాపం. మూడోదానికి ఆరు ఆకుల గుర్తులు నేనే పెట్టాలని మనవడి కోణమానిని తీసుకుని అరవై డిగ్రీల చొప్పున గీశాను. ఐదు గళ్లు సరిగ్గా వచ్చినట్టే ఉన్నాయి, ఆరో గడి ఇరుకైంది. ఒక్కో గీతలో అర డిగ్రీ తప్పు, అన్నీ చివరి గడిలో పోగుపడ్డాయి. మా వీధి చివర తలుపులు చేసే ఆచారి అది చూసి, నా చేతిలో వృత్తలేఖిని లాక్కుని, చక్రం గీసిన వెడల్పుతోనే అంచు మీద అడుగులు వేసుకుంటూ పోయాడు. సరిగ్గా ఆరు అడుగులకు మొదటి చోటికే వచ్చి ఆగింది. బండిచక్రానికి పన్నెండు ఆకులు వేసే తాతల నుంచి వచ్చిన పని. ఎనిమిదో తరగతి రేఖాగణితంలో నేనూ చదివినదే, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

గళ్లు తొలిచింది చేత్తోనే. ముందు సన్న డ్రిల్లుతో వరసగా చిల్లులు, తర్వాత గూడు రంపంతో కోత, ఆపై ఆకురాయి. ఆకును కుంభం దగ్గర లావుగా ఉంచి అంచుకు సన్నబరచడం దగ్గరే అసలు పని. ఒక్క ఆకు ఎక్కువ రాసేస్తే మిగతా ఐదింటినీ దాని దారికి తేవాలి. తిరిగేటప్పుడు ఇవేవీ కనబడవు. అందుకే ఆగినప్పుడు చూడమని వచ్చినవాళ్లకు చెబుతాను.

ఇంజన్ ఒడలు, అంటే కింది పెట్టె, పోత పోయించాలి. పోతకు ముందు చెక్క అచ్చు కావాలి. ఏర్పేడు దగ్గర మాధవమాల కొయ్యపనికి పేరున్న ఊరని మీకు తెలుసు. దేవుడి వాహనాలు, తలుపులు, దశావతారాలు చెక్కే చేతులు. అక్కడ ఒక పెద్దాయన దగ్గరకు నా గీతలు తీసుకుపోయాను. ఆయన కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "దీనికి మొగం యాడుంది సామీ?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన శిల్పి. మన శిల్పశాస్త్రంలో కొలత ముఖం నుంచి మొదలవుతుంది. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం తనలోంచి తానే పుట్టించుకునే అంగుళం. నవతాళ విగ్రహమంటే తొమ్మిది ముఖాల ఎత్తు, నూట ఎనిమిది అంగుళాలు. విగ్రహం వేలెడున్నా తాటిచెట్టంత ఉన్నా లెక్క అదే. తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళాశాలలో ఈనాటికీ పిల్లలు నేర్చేది ఈ లెక్కే. పదో వంతు, ఇరవయ్యో వంతు అని నేను స్కేలు పట్టుకుని కుస్తీ పడుతుంటే, ఆయనకు మొగం చూపిస్తే చాలు. ఆలోచించి సిలిండరు నోరు చూపించాను. ఇదే మొగం, నాలుగున్నర. పిస్టన్ నడక ఐదున్నర, అంటే మొగానికి ఒకటింబావు కంటే కొంచెం తక్కువ. చక్రం ఐదు మొగాలు దాటి ఇంకొంచెం. ఆయన తలాడించి ఉలి అందుకున్నాడు. "ఇంత మొరటు దేవుణ్ణి నేనెప్పుడూ చెక్కలేదు" అన్నాడు కానీ, పని మాత్రం మూడు రోజుల్లో నా గీతల కంటే సరిగ్గా వచ్చింది.

అచ్చు అనుకున్న కొలతకే చేయకూడదని కూడా అక్కడే తెలిసింది. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. కాబట్టి అచ్చు ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. పక్కలు కొంచెం వాలుగా ఉండాలి, లేకపోతే ఇసుకలోంచి పైకి తీసేటప్పుడు గోడ విరుగుతుంది. పోతపనివాళ్లకు ఇవన్నీ నోటిలెక్కలు.

మిగతా సామానంతా ఇంట్లోదే. పొగగొట్టం పాత బాల్‌పెన్ను రీఫిల్లు ఇత్తడి గొట్టం. డీజిలు పైపు, కాలిపోయిన ఫ్యాను మోటారులోంచి విప్పిన రాగితీగ. బెల్టు మా ఆవిడ లంగా నాడా. దాన్ని టీ డికాషన్‌లో నానబెట్టి, పలచని బంక రాసి, ఎండలో ఆరబెడితే పాత కాన్వాసు బెల్టు రంగు వచ్చింది. అసలు బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లేవాళ్లం. నాడా కూడా జారింది. గుగ్గిలమే చల్లాను, పట్టుకుంది. మనుషులు మాత్రం పలమనేరు మట్టివి. అక్కడి కుమ్మరి ఒకాయనను పదిహేడు సెంటీమీటర్ల మనిషి కావాలని అడిగితే, నన్ను పైనుంచి కిందికి చూసి, కొలవకుండా చేసిచ్చాడు. ఇంటికొచ్చి కొలిస్తే పదిహేడుకు నూలుపోగు తేడా లేదు. మొదటి బొమ్మ హ్యాండిల్ తిప్పుతున్న నాయన, రెండోది మీట దగ్గర నేను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నా ఇంజన్ డీజిలుతో నడవదు. కింద చెక్కలో పాత టేప్‌రికార్డరు మోటారు దాచాను. పదో వంతు కొలతలో నిజం డీజిలు ఇంజన్ చేయడం నావల్ల కాదు, ఇందులో నా చేతకానితనం కొంత, ప్రకృతి మొండితనం కొంత. కొలతలు పదో వంతుకు తగ్గితే పైపొర విస్తీర్ణం నూరో వంతుకు తగ్గుతుంది, లోపలి ఘనపరిమాణం వెయ్యో వంతుకు పడిపోతుంది. అంటే లోపల పుట్టే వేడి వెయ్యి రెట్లు తక్కువ, దాన్ని పీల్చుకునే గోడ మాత్రం వంద రెట్లే తక్కువ. గాలిని నొక్కితే పుట్టే వేడితోనే కదా డీజిలు అంటుకోవాలి, ఆ వేడి అంటుకునేలోపే గోడలు మింగేస్తాయి.

ఈ చిక్కుముడి మీదనే ఒకప్పుడు ప్రపంచం మలుపు తిరిగింది. 1763–64 చలికాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి వాడే న్యూకోమెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి సరిగ్గా నడవక మొరాయించింది. పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ చేతికి ఇచ్చారు. పెద్ద యంత్రాలు గనుల దగ్గర ఏళ్లతరబడి నడుస్తున్నాయి, ఈ బుల్లిది నాలుగు ఊపులకే ఆవిరంతా తాగేసి ఆగిపోతోంది. ఎందుకని వాట్ లెక్కలు వేశాడు. ప్రతి ఊపుకూ సిలిండరును వేడిచేసి మళ్లీ చల్లార్చడంలోనే ఆవిరి ఖర్చయిపోతోందని, చిన్నదానికి పరిమాణాన్ని మించిన ఒళ్లు ఉండడంతో ఆ దుబారా కొట్టొచ్చినట్టు కనబడుతోందని పట్టుకున్నాడు. 1765లో ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చే ఉపాయం తట్టింది, 1769లో పేటెంటు తీసుకున్నాడు. ఆ నమూనాను గ్లాస్గోలో హంటేరియన్ మ్యూజియంవాళ్లు ఇప్పటికీ భద్రంగా ఉంచారు. బొమ్మ నడవకపోతే విసిరికొట్టకుండా ఎందుకని అడిగిన మనిషి ఆయన. నేనైతే టేప్‌రికార్డరు మోటారు పెట్టాను.

శబ్దం కూడా అంతే. ఆకాశవాణి మిత్రులు, మైకు ముందు ఒకసారి మీ ఇంజన్ నడపండి సార్, శ్రోతలు వింటారు అన్నారు. వద్దన్నాను. దోమ చెవిదగ్గర తిరిగినట్టుంటుంది. అసలుది నిమిషానికి 650 చుట్లలో రెండు చుట్లకొకసారి పేలుతుంది, అంటే నిమిషానికి 325, సెకనుకు ఐదు దాటి. డుగ్ డుగ్ డుగ్ డుగ్ డుగ్. మా ఊళ్లో ఎవరి బావి నడుస్తోందో ఆ చప్పుడు బట్టి చెప్పేవాళ్లు. బరువు పడితే గొంతు బొంగురు పోయేది. నీళ్లు తెగితే చప్పుడు తేలిపోయేది, మంచంలో పడుకున్న నాయన ఒక్క ఉదుటున లేచి పరిగెత్తేవాడు. దీన్ని పదో వంతు చేయడానికి నాకు ఏ ఆకురాయీ దొరకలేదు.

ఇంజన్ సంగతి అలా ఉంచితే, నాకు నిజంగా ముద్దొచ్చేది గానుగ. మూడు ఉక్కు రోళ్లు, పైన ఒకటి, కింద రెండు. చెరకు ముందు కింది మొదటి రోలుకూ పై రోలుకూ మధ్య దూరుతుంది, అక్కడ సందు కాస్త వెడల్పు, నలుగుతుంది. వంపు రేకు మీదుగా జారి రెండో సందులోకి పోతుంది, అక్కడ ఇరుకు, పిండేస్తుంది. ఇవతల రసం, అవతల పిప్పి. ఇనుప గానుగ మనకు మరీ పాతదేం కాదు. 1870ల దాకా దేశంలో చాలాచోట్ల చెక్కవీ రాతివీ. బీహార్‌లో బిహియా అనే ఊళ్లో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు జమీందారీ చూసుకుంటున్న దొరలు ఎద్దులతో తిరిగే ఇనుప గానుగ చేసి బాడుగకివ్వడం మొదలుపెట్టారు. ఎద్దుల జత లాగగలిగేది, బండిలో ఊరూరికీ తీసుకుపోగలిగేది. కొన్ని దశాబ్దాల్లో దేశమంతా పాకింది. ఇప్పుడు మూతపడి ఉన్న మన చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో కూడా పెద్ద మిల్లు తలుపు తీసి చూస్తే ఉండేది అవే మూడు రోళ్లు, వరసగా నాలుగైదు జట్లు. ఎద్దు తిప్పినా టర్బైన్ తిప్పినా చెరకును ఒప్పించే పద్ధతి ఒకటే.

గానుగ పూర్తి కావచ్చిన రోజు ఆడించి చూద్దామని ఆశ పుట్టింది. పదో వంతు చెరకు ఎక్కడిది? పెరట్లో గరిక పీకి, కణుపులున్న కాడలు ఏరాను. కణుపు కణుపుకూ అచ్చం చెరకులాగే ఉంటుంది, గడ్డిజాతే కదా రెండూ. పెట్టగానే రోళ్లు లోపలికి లాక్కున్నాయి. రెండో సందులోంచి పిప్పి రిబ్బనులా చదునై వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. రసం మాత్రం కింద తొట్టిలోకి కారలేదు. ఒకే ఒక పచ్చటి బొట్టు రోలు అంచుకు వేలాడి అక్కడే నిలిచిపోయింది. మిల్లీమీటరు కాలవలో నీళ్లు పారవు, తమ చర్మాన్ని తామే పట్టుకుని వేలాడతాయి. ఇనుమును పదో వంతు చేశాను, మనుషుల్నీ చేశాను, నీటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తొట్టిలో చివరికి లేతరంగు లక్క పోసి రసమని నమ్మించాను. నిజం గానుగ దగ్గర టన్ను చెరకుకు క్వింటాలు అటూ ఇటూ బెల్లం దిగేది. నా దగ్గర ఆ రోజు దిగిన బొట్టును మనవడు వేలితో అద్ది నాకి, "చేదు" అన్నాడు.

బరువు మాట చెప్పి ముగిస్తాను. మూడు వందల కిలోల ఇంజన్ పదో వంతుకు చేస్తే మూడు వందల గ్రాములు రావాలి. నాది తూస్తే మూడు వందల నలభై. ఇత్తడి పోత మందమైనట్టుంది. నిరుడు తమ్ముడు వచ్చినప్పుడు దాన్ని ఒక్క చేత్తో ఎత్తి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆరుగురు మోకులు పట్టుకున్న రోజు వాడి చేతిలో కూడా ఒక మోకు ఉంది.

గానుగకు ఒక్క చక్రం ఇంకా మిగిలి ఉంది. బెల్టు కప్పీ నుంచి రోళ్లకు జోరు తగ్గించి తిప్పే పెద్ద పళ్లచక్రం. నేను కొలిచిన ఊళ్లో గానుగ లేదు, దాని పీఠం ఒక్కటే ఉంది. మా ఇంట్లో మిగిలింది చిన్నత్త పెళ్లినాటి ఫోటో ఒకటి. పెళ్లివాళ్ల వెనక మూలన మా గానుగ నిలబడి ఉంది, చక్రం సగం అరటిబోదె చాటున. భూతద్దం పెట్టి కనబడినంత మేర లెక్కపెట్టి, కనబడనిది ఊహించుకుంటే, ఒకరోజు యాభై ఆరు పళ్లు వస్తాయి, ఇంకోరోజు అరవై. ఊహమీద చక్రం కోయడానికి చేతులు రావడంలేదు.

మన జిల్లాలో ఏ గట్టు మీదనో, ఏ చింతచెట్టు కిందనో అలాంటి పాత ఇంజన్ గానుగ తుప్పుపట్టి పడి ఉంటే, పాతసామాన్ల బండి రాకముందే ఆ పెద్ద చక్రం పళ్లు ఒకసారి లెక్కపెట్టి, ఒక పోస్టుకార్డు మీద ఆ సంఖ్య రాసి ఈ ఆకాశవాణి కేంద్రానికి పంపండి. వీళ్లు నాకు చేరుస్తామన్నారు. మొదలుపెట్టిన పన్ను మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే తిరిగొచ్చేసరికి మరిచిపోతారు. విరిగిన పళ్లను కూడా కలపండి.